పాత వాలెట్టు – పోయిన తాళంచెవి

ఇంటిపెద్ద కన్నుమూసిన తరువాత పెట్టెలు, బీరువాలు వెదకడం మనకు తెలిసినదే. నేడు మూలనపడిన పాత కంప్యూటరును కూడా వెదకవలసి వస్తున్నది. 2009లో మొదలైన బిట్‌కాయిన్‌ను తొలినాళ్లలో సంపాదించి మరచినవారున్నారు.

వాలెట్టులో నాణేలు ఉండవని ముందుగా గ్రహించాలి. లెక్క అంతా బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ పద్దులో ఉంటుంది. వాలెట్టు దాచేది రహస్య తాళంచెవిని మాత్రమే. కనుక నిల్వ చూడడానికి చిరునామా ఒక్కటే చాలును. నిల్వ చూసిపెడతామంటూ రహస్య పదాలు అడిగేవారికి వాటిని చెప్పడం దొంగకు తాళమివ్వడమే.

పాత డిస్కును చెరపరాదు. వాలెట్టు ఫైలు దొరికితే నకలు తీసి, ఆ నకలుపైనే పాస్‌వర్డులను ప్రయత్నించాలి. 2013 తరువాతి వాలెట్లలో అనేకం 12 లేదా 24 ఆంగ్లపదాలతో తిరిగి తెరుచుకుంటాయి. అవి 2,048 పదాల నిర్ణీత పట్టికలోనివి. కాగితం చెరిగినా మొదటి నాలుగక్షరాలు మిగిలితే పదాన్ని పోల్చుకోవచ్చును.

వేల్స్‌లోని న్యూపోర్టులో 2013లో ఒక డిస్కు చెత్తకుప్ప పాలయింది. అందులో సుమారు 8,000 బిట్‌కాయిన్ల తాళం ఉన్నదన్న యజమాని దావాను 2025లో న్యాయస్థానం కొట్టివేసింది.

ఇక, దొరికిన సొమ్ము వెదికినవారి సొంతం కాదు. మృతుని అప్పులు, వసీయతు తీరిన పిదప మిగిలినది వారసులందరిదీ; అందులో ఆడపిల్లల వాటా కూడా ఉన్నది. కనుక ఆ ఫైలును అందరి ఎదుట తెరుద్దాం. మన తాళం ఎక్కడున్నదో బ్రతికుండగానే ఇంటివారికి తెలియజేద్దాం.