చేపల తొట్టి, కూరల మడి, మన హాస్టల్

ప్రతి ఏటా వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు మన హాస్టల్‌కు ఏదో ఒకటి ఇచ్చి వెళ్తున్నారు. ఒక ఏడు ఫ్యాన్లు, ఒక ఏడు ప్లేట్లు, ఒక ఏడు నీళ్ల డ్రమ్ములు. వారి మేలు మరువలేనిది. అయితే ఈ ఏడు వారిని మేము ఒక కొత్త వస్తువు అడగదలచుకున్నాం. హాస్టల్ పెరట్లో ఒక చేపల తొట్టి కట్టించండి. గాజు పెట్టెలో తిరిగే రంగు చేపలు కావు మేము అడిగేది. తినే చేపలు, వాటి నీళ్లతో పెరిగే తోటకూర, గోంగూర, మిరప.

దీనిని ఆక్వాపోనిక్స్ అంటారు. పేరు కొత్తదిగాని సంగతి మనకు కొత్తది కాదు. చేపలు కడిగిన నీళ్లు పారబోయకుండా కరివేపాకు చెట్టు మొదట్లోనో, సొరపాదులోనో పోయడం మన ఇళ్లలో అమ్మలు ఎప్పటినుంచో చేస్తున్న పని. ఆ నీళ్లలో బలం ఉందని వారికి తెలుసు. ఆ బలం ఏమిటో, ఎలా వస్తుందో చెప్పడం చదువుకున్న మన బాధ్యత.

చేప తిన్న మేతలో కొంత దాని ఒంటికి పడుతుంది. మిగిలినదానిలో చాలా భాగం అమ్మోనియాగా, మలంగా నీటిలో చేరుతుంది. అమ్మోనియా ఎక్కువైతే చేపకు విషం. ఆ నీటిని పంపుతో పక్కనున్న కంకర మడిలోకి ఎక్కిస్తే కంకరను పట్టుకొని ఉండే సూక్ష్మజీవులు తమ పని మొదలుపెడతాయి. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రోబాక్టర్ వంటివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ మొక్కకు ఎరువు. మొక్క ఎరువు తీసుకోగా తేటపడిన నీరు తిరిగి తొట్టిలోకి దిగుతుంది. ఆవిరైపోయినంత, మొక్కలు పీల్చుకున్నంత నీరు మాత్రం మళ్లీ పోస్తే చాలు. ఎరువుల బస్తా అక్కరలేదు. పురుగు మందు కొట్టడానికి వీలే లేదు, ఎందుకంటే ఆ మందు నీటిలో పడితే ముందు చచ్చేది చేప.

మిత్రులారా, ఇదంతా మీకు తెలిసిన పాఠమే. నత్రజని వలయం. మనమందరం ఆ బొమ్మ గీసి, బాణాలు పెట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. కాని ఆ బాణాలలో ఒక్కదానినైనా కళ్లతో చూసిన వాళ్లం ఎంతమందిమి? మేము ఎం.ఎస్సీ.కి వచ్చిన తరువాత గాని, ఇరవై మూడేళ్లు వచ్చిన తరువాత గాని, పరీక్ష గొట్టంలో అమ్మోనియా రంగు చూడలేదు. మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు లేనివాళ్లకు పాఠం కంటికి కనబడాలి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదట అమ్మోనియా పెరుగుతుంది, అది తగ్గుతుండగా నైట్రైట్ పెరుగుతుంది, అదీ తగ్గుతుండగా నైట్రేట్ వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు రోజూ కొలిచి గ్రాఫు కాగితం మీద గీసుకుంటే ఆ పాఠం జన్మలో మరచిపోడు.

ఇక లెక్క. ఈ విషయంలో ఊరించే మాటలు చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక మేము లెక్క చెప్పే మాట్లాడతాం. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఈ విషయంపై ఒక గ్రంథం ప్రచురించింది. దాని ప్రకారం చిన్న తొట్లలో వెయ్యి లీటర్ల నీటికి 20 కిలోల చేపలకు మించకూడదు. ఆకుకూరల మడి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత చేపలకు పడాలి. మనం జాగ్రత్తగా వెయ్యి లీటర్లకు 30 చేపలే వేద్దాం. ఒక్కొక్కటి 400 గ్రాములైతే మొత్తం 12 కిలోలు. రోజుకు 150 గ్రాముల మేత. దానికి సరిపోయేది మూడు చదరపు మీటర్ల మడి.

ఈ 12 కిలోలు వంద మంది ఉన్న హాస్టల్‌కు ఒక్క పూట కూర. తలకు 120 గ్రాములు. మూడు చదరపు మీటర్ల ఆకుకూర మన పప్పు గిన్నెకు రోజూ చాలదు. కనుక దీనితో మెస్ మెనూ మారిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. మెనూలో ఉన్నది ప్లేటులోకి రావాలని అడిగే హక్కు మనది. ఆ హక్కుకు బదులుగా ఈ తొట్టిని చూపిస్తే మేమే మొదట వద్దంటాం.

మరి ఎందుకు అడుగుతున్నాం? ఇదే తొట్టిని ఒక ఇంటి పెరట్లో ఊహించండి. ఐదుగురున్న ఇల్లు. వారానికి అరకిలో చొప్పున పట్టుకుంటే ఆ 12 కిలోలు 24 వారాలు వస్తాయి. పక్కన ఆకుకూర, నాలుగు మిరప మొక్కలు. ఆ ఇంటికి అది చిన్న సంగతి కాదు. మనలో చాలామంది తల్లిదండ్రులకు పొలం లేదు. ఉన్నది ఒక సెంటో రెండు సెంట్లో ఇంటి స్థలం. సెంటు అంటే 435 చదరపు అడుగులు. ఈ తొట్టి, మడి కలిపి 70, 80 అడుగులలో ఇమిడిపోతాయి. నేల సారం ఎలా ఉన్నా, చౌడైనా, రాళ్లదైనా దీనికి అడ్డు లేదు.

నీటి సంగతి మనవాళ్లకు వేరుగా చెప్పనక్కరలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగడానికే వేల మందితో నడవవలసి వచ్చింది. 1985 జులైలో కారంచేడు మారణకాండకు ముందు రోజు గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. ఎవరినీ అడగనక్కరలేని వెయ్యి లీటర్ల నీళ్లు, అందులో మన చేపలు, మన గుమ్మం ముందు ఉండడం లెక్కలకు అందని లాభం. ఊరి చెరువులో మన వాటా వదులుకోమని కాదు. ఆ పోరాటం ఆగకూడదు. ఇది దానికి తోడు.

కొందరు మిత్రులు ఒక మాట అన్నారు. "పలుగు, పార వదిలించుకోవాలనే కదా మనవాళ్లు మనల్ని హాస్టల్లో వేసింది, మళ్లీ బురదలోకి దిగమంటారా?" ఈ మాటలో బాధ ఉంది, నిజం కూడా ఉంది. హాస్టల్ పిల్లలతో వెట్టిపని చేయించే అలవాటు ఎక్కడ ఉన్నా మేము వ్యతిరేకిస్తాం. అందుకే ఒక షరతు పెడుతున్నాం. ఎనిమిదో తరగతి పైన, ఇష్టపడి ముందుకు వచ్చినవారే ఈ పని చేయాలి. వంతుల వారీగా, రోజుకు అరగంటకు మించకుండా. పరీక్షల నెలలో పెద్దవాళ్లం చూసుకుంటాం. అంతేగాని చేతికి మట్టి అంటితే చదువు చెడుతుందనే మాట మాత్రం ఒప్పుకోం. అది మనవాళ్ల పనిని చిన్నచూపు చూసినవాళ్లు మనకు నేర్పిన మాట.

రెండో అభ్యంతరం సెలవులు. ఇది సరైన ప్రశ్న. వేసవిలో హాస్టల్ మూసేస్తే చేపలకు దిక్కెవరు? జవాబు సులభం. జూన్‌లో హాస్టల్ తెరవగానే నీరు సిద్ధం చేసి, ఆగస్టులో చేపపిల్లలను వేసి, మార్చి చివరిలోగా పట్టేయాలి. వేసవిలో తొట్టి ఖాళీ. మళ్లీ జూన్‌లో కొత్త పిల్లలు ఆ గ్రాఫు మొదటి నుంచి గీస్తారు. సంక్రాంతికి రెండు మూడు రోజులు మేత లేకున్నా చేప బతుకుతుంది. పంపు మాత్రం ఆగకూడదు.

మూడోది కరెంటు. 40 వాట్ల పంపు రాత్రింబగళ్లు తిరిగితే రోజుకు యూనిటు కంటే తక్కువ, నెలకు 29 యూనిట్లు. బిల్లు భయం లేదు. భయమంతా కోతలతోనే. గంటల తరబడి గాలి అందకపోతే శీలావతి, బొచ్చె వంటివి తేలిపోతాయి. పైగా వాటికి చెరువు కావాలి, తొట్టి చాలదు. అందుకే కొర్రమీను మేలంటాం. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు. కాని ఒకే సైజు పిల్లలను వేయాలి, లేకుంటే పెద్దది చిన్నదాన్ని మింగుతుంది. పైన వల కట్టాలి, లేకుంటే ఎగిరి బయట పడుతుంది. దానికి మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న మేత కొనాలి, ఈ పద్ధతిలో ఆగని ఖర్చు అదే. మెస్‌లో మిగిలిన అన్నం, సాంబారు తొట్టిలో పోస్తే నీరు కుళ్లుతుంది. తిలాపియా పెంచాలంటే మత్స్యశాఖ అనుమతి కావాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషేధం, ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

కిట్లు అమ్మేవారి దగ్గరకు పరుగెత్తనక్కరలేదు. ఒక ప్లాస్టిక్ ట్యాంకు, ఇటుకలు పేర్చి మందపాటి టార్పాలిన్ పరచిన మడి, కంకర, పంపు, గాలి మోటారు, దానికి ఒక బ్యాటరీ. ఇంతే. కంకర మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, పనికిరాదు. కొళాయి నీరైతే ఒకటి రెండు రోజులు నిలవ ఉంచి క్లోరిన్ పోయాక వాడాలి. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు పచ్చబడితే ఇనుము తక్కువైనట్టు. చేప మేతలో మొక్కకు చాలినంత ఇనుము ఉండదు, వేరుగా కలపాలి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి. ఈసారి వేదిక మీద శాలువాలు, పూలదండలు, జ్ఞాపికల ఖర్చు తగ్గించుకుందాం. ఆ డబ్బుతో ఒక తొట్టి, ఒక నీటి పరీక్షల పెట్టె కొందాం. మీలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులున్నారు, కరెంటు ఆఫీసులో పనిచేసేవారున్నారు. నెలకు ఒక ఆదివారం వచ్చి పిల్లల పక్కన నిలబడండి. తమ్ముళ్లూ, మీరు నేర్చుకున్నది వేసవి సెలవుల్లో ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలకు చెప్పండి. నచ్చితే వాళ్లు మీకంటే బాగా చేస్తారు.