బొమ్మా? బొరుసా?

నాణెము నెగురవైచి “బొమ్మయా, బొరుసా” యని యడుగుట పిల్లల యాట. ముందెవ్వరాడవలెనో తేల్చుటకు అంతకంటె పక్షపాతరహితుడగు మధ్యవర్తి లేడు. కాని సంసారమునే యా మధ్యవర్తి చేతిలో బెట్టువారు మన కృష్ణా డెల్టాలో నేటికిని గలరు.

సంక్రాంతి వచ్చెనా, కోళ్లకాళ్లకు కత్తులు గట్టి బరిలో దించి వేలు, లక్షలు కాయుదురు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి రాష్ట్రపు జూద చట్టమును గలవు, అయినను పందెములాగవు. ఇదేమని యడిగినచో “ఇది ఆచారము, ఇది పౌరుషము, సేద్యము మాత్రము జూదము కాదా” యని మూడు సమాధానములు సిద్ధముగ నుండును.

ఆచారమందురా? కన్యాశుల్కమును ఒకనాటి యాచారమే. దానిని విడిచినందున మన తెలుగుదనమునకు లోటు రాలేదు.

పౌరుషమందురా? శాతవాహనుల సీసపు నాణెములను జూడుడు. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణుల కాలమున ఒకవైపున రెండు కొయ్యల యోడను, రెండవవైపున ఉజ్జయినీ చిహ్నమును ముద్రించిరి. ఆ నావికులు కడలికి వెఱవలేదు. కాని గాలి నెఱిగి, ఋతువు నెఱిగి చాప నెత్తిరి. ఎఱిగి తెగించుట సాహసము. ఎఱుగక యొడ్డుట మౌఢ్యము. పైగా బరిలో ప్రాణము విడుచునది కోడి. పౌరుషము మాత్రము మనదట!

సేద్యము జూదమందురా? 1833 నాటి కరవున గుంటూరు సీమ పాడువడినది. తరువాత వానకై బొమ్మాబొరుసు లాడుచు కూర్చుండక, 1852లో బెజవాడకడ ఆనకట్ట నారంభించి 1855లో ముగించిరి. 1977 నాటి దివిసీమ యుప్పెన పిమ్మట తుపాను ఆశ్రయములు గట్టిరి. సేద్యమున నపాయము గలదు. తెలివిచేతను శ్రమచేతను అది తగ్గును. జూదరి యొక్క గింజయైన పండింపడు. ఒకని సొమ్ము మరియొకనికి జేరును. నడుమ నిర్వాహకుడు తన వంతు తీసికొనును. కాసినవారందఱి లెక్కయు గూడినచో మిగులునది నష్టమే.

వరుసగా పదిమార్లు బొమ్మయే పడుట 1024లో నొకవంతు సంభవము. నిజమే. కాని పదిమార్లు పడినపిమ్మట పదునొకండవమారు బొరుసు పడుటకు సగమే యవకాశము. నాణెమునకు జ్ఞాపకము లేదు. “ఇన్నిమార్లోడితిని, ఈసారి నాదే” యను జూదరికి మాత్రము ఈ సంగతి తెలియదు. అతడోడినప్పుడెల్ల తాకట్టునకు బోవునది గృహిణి మెడలోని గొలుసు.

నేడు బరి ఫోనులోనికిని వచ్చినది. సొమ్మొడ్డి యాడు అంతర్జాలపు టాటలను 2020లో రాష్ట్రమును, 2025లో కేంద్రమును నిషేధించినవి. చట్టము వాకిటివఱకే రాగలదు. లోపలి పని గృహస్థులది. ఈ పండుగకు మీ పిల్లలచేత నాణెమును నూరుమార్లు వేయించి, పడినదెల్ల కాగితముపై వ్రాయింపుడు. ప్రతిమారును పడకముందే వారిచేత జెప్పింపుడు. తమ జోస్యమెంత నిలిచినదో వారే లెక్కింతురు.