సూది మీద పుకారు వద్దు, సంతకం మీద ప్రశ్న కావాలి

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మీద మన గ్రూపుల్లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. "ఆ సూది వేస్తే పిల్లలు పుట్టరు, ఆదివాసుల సంఖ్య తగ్గించడానికే ఇదంతా" అని. బయటోళ్లేమో "అడవిలో ఉండేవాళ్లకి సైన్సు ఏం తెలుసు" అంటున్నారు. రెండు మాటలూ తప్పే అంటున్నాం మేము.

ముందు బయటోళ్ల మాట చూద్దాం. మనోళ్ల భయం గాల్లోంచి పుట్టలేదు. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. వాళ్లలో హాస్టళ్లలో ఉండే మన పిల్లలు చాలామంది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం రిపోర్టు ఇచ్చింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 అనుమతి ఫారాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలే. అంటే పది ఫారాల్లో దాదాపు మూడింటి మీద అమ్మానాన్నల సంతకం లేదు. హాస్టల్‌లో వార్డెన్ మాటకి ఎదురు చెప్పడం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

ఇప్పుడు మన గ్రూపుల్లో మాట. ఆంధ్రా, గుజరాత్ కలిపి ఆ ప్రాజెక్టులో ఉన్న ఏడుగురు పిల్లలు చనిపోయారు. నీళ్లలో మునిగి ఒకరు, పాము కరిచి ఒకరు, పురుగుల మందు తాగి ఇద్దరు, మలేరియాతో ఒకరు అని విచారణలో రాశారు. మిగతా ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేదు గానీ, టీకా వల్లే అని తేలలేదు. విచారణ జరిగిన తీరుని కూడా పార్లమెంటు సంఘం తప్పుపట్టింది. అడగాల్సింది అడుగుదాం. కానీ టీకా వేస్తే పిల్లలు పుట్టరు అనడానికి ఆధారం లేదు. వందకి పైగా దేశాల్లో ఆడపిల్లలకు ఇదే టీకా వేస్తున్నారు. మన దేశంలో ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇది రెండోది. పట్నంలో డబ్బున్నోళ్లు కొనుక్కుని మరీ వేయించుకుంటారు. పుకారు నమ్మి వద్దంటే నష్టం మన చెల్లెళ్లకే.

ఇంకో నష్టం కూడా ఉంది. "మమ్మల్ని చంపడానికే" అన్నామనుకోండి, ఆఫీసర్లు నవ్వేసి వెళ్లిపోతారు. వాళ్లకి అది చాలా తేలిక. "మా అమ్మ బదులు వార్డెన్ ఎందుకు సంతకం పెట్టాడు?" అని అడిగితే నవ్వలేరు, జవాబు చెప్పాలి. పుకారు తప్పు చేసినోళ్లనే కాపాడుతుంది.

అందుకే మేము అడిగేది ఇది. టీకా వేసినా, రక్తం తీసినా, ముందు గూడెంలో మీటింగ్ పెట్టాలి. కోయ, గోండి, ఏ గూడెంలో ఏ భాష ఉంటే ఆ భాషలో చెప్పాలి. ఫారం ఇంటికి పంపి, ఆలోచించుకోవడానికి టైం ఇవ్వాలి. తర్వాత జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసివ్వాలి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. మనుషుల మీద పరిశోధన చెయ్యాలంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అందులో డాక్టరు కాని సామాన్య మనిషి ఒకరు ఉండాలి. మన పిల్లల మీద పరిశోధన జరిగేచోట ఆ కుర్చీలో మనోళ్లు ఎందుకు కూర్చోకూడదు? బీఎస్సీ చదివేవాళ్లు ఇంతమంది ఉన్నాం.

మీ గూడేనికి క్యాంపు వస్తే అమ్మ పక్కన నిలబడి ఫారం చదివి వినిపించండి. అర్థం కానిది అక్కడే అడగండి. అడిగాకే సంతకం.

జై ఆదివాసీ.