పొగరు కాదు సార్

"పొగరండీ మీవాడికి. అది దిగేదాకా ఇంట్లోనే ఉంచుకోండి." ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీ క్యాంపస్ ఇన్‌చార్జి ఈ వారం ఒక తల్లికిచ్చిన సలహా ఇది. ఆవిడ నాకు వరసకు వదిన. కొడుకు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. వాడు చేసిన నేరమేమిటంటే, రాత్రి స్టడీ అవర్‌లో లెక్చరర్ తనను లేపి నిలబెట్టి వీకెండ్ టెస్టు మార్కులు అందరికీ వినబడేలా చదివితే, చేతిలో ఉన్న మెటీరియల్ నేలకేసి కొట్టి బయటికి వెళ్లిపోయాడు. వాడికి ఏడీహెచ్‌డీ ఉందని ఎనిమిదో క్లాసులోనే డాక్టరు రాసిచ్చిన కాగితం అడ్మిషన్ ఫారంతో పాటే ఇచ్చారు. ఫీజు రసీదులున్న ఫైల్లోనే అదీ ఉంది. ఎవరూ తిప్పి చూడలేదు.

నాకు ఒళ్లు మండింది. మండితే నాకు రాసుకోవడానికి కాలమ్ ఉంది, వాడికి మెటీరియల్ తప్ప ఏమీ దొరకలేదు.

ఏడీహెచ్‌డీ అంటే కాలు నిలవని అల్లరి, పాఠం మీద ధ్యాస లేకపోవడం అనేదే చాలామంది లెక్క. డాక్టర్లు ప్రమాణంగా తీసుకునే డీఎస్ఎం-5 పుస్తకంలో కూడా, నిర్ధారణకు చూసే 18 లక్షణాల్లో కోపం లేదు. చిరాకు, ఓర్చుకోలేకపోవడం పక్కన అనుబంధంగా కనిపిస్తాయి. ఇళ్లలో మాత్రం అసలు రభస అక్కడే. ఈ పిల్లలకు కోపం ఒక్కసారిగా తన్నుకొస్తుంది, మిగతావాళ్ల కంటే ఎత్తుకు పోతుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. దిగాక సిగ్గు. ఆ సిగ్గును ఎవరైనా కెలికితే మళ్లీ కోపం. ఆడపిల్లల్లో చాలామందికి ఇదే ఉక్రోషం లోపలికి తిరుగుతుంది. హాస్టల్ బాత్రూంలో ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి కూర్చుంటారు కాబట్టి వాళ్లకు ఏడీహెచ్‌డీ అని పేరు పెట్టేవాళ్లు కూడా ఉండరు.

2007లో అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లల మెదళ్లను, లేని 223 మంది మెదళ్లతో పోల్చి చూశారు. మామూలు పిల్లల్లో ఏడున్నరేళ్లకు వచ్చే ఎదుగుదల దశ వీళ్లలో పదిన్నరకు వచ్చింది. ఆలస్యం బాగా కనిపించింది నుదుటి వెనక భాగంలో, అంటే తొందరను అదుపుచేసే చోట. పదహారేళ్ల పొడుగు మనిషిలో పదమూడేళ్ల పిల్లాణ్ని చూడమని నేను దీనికి అర్థం చెప్పుకున్నాను. శాస్త్రవేత్తలు ఇంత సూటిగా ఒప్పుకోకపోవచ్చు, కానీ ఆ ఇన్‌చార్జిగారి శాస్త్రం కంటే నాదే నయం.

ఇప్పుడు ఆ పిల్లాణ్ని పొద్దున అయిదున్నరకు లేపుతారు. రాత్రి పది దాటేదాకా బెంచీ మీదే. గ్రౌండ్ లేదు, ఉన్నా బస్సులు నిలబెట్టడానికి. తిప్పలు పడితేగానీ నిద్ర పట్టని పిల్లలకు ఆరుగంటల నిద్ర దొరికితే గొప్ప. నిద్ర చాలకపోతే ఎవరికైనా చిరాకే, వీళ్లకు రెట్టింపు. ఇక మందు సంగతి. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్‌లో ఉన్న మందు. అమ్మే షాపుకు వేరే లైసెన్సు, చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. అందుకే చిన్న ఊళ్లలో దాన్ని పెట్టే షాపు దొరకడమే కష్టం. ఎలాగో తెచ్చి పొద్దున వేస్తే మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది, పిల్లాడు మెస్‌లో కంచం ముందు కూర్చుని లేచిపోతాడు. సాయంత్రానికి మందు పని అయిపోతుంది. కొందరిలో ఆ దిగే వేళ చిరాకు పొద్దుటి కంటే ఎక్కువే ఉంటుంది. అంటే ఆకలి, అలసట, మందు దిగిపోవడం, మూడూ కలిసి వచ్చే సమయం సరిగ్గా రాత్రి స్టడీ అవర్. అప్పుడు అందరి ముందూ మార్కులు చదవాలి! వాడు విసిరింది మెటీరియలే అయినందుకు కాలేజీ సంతోషించాలి.

"రెండు తగిలిస్తే దారికొస్తాడు" అన్నారట ఇంట్లో తాతగారు. తండ్రి అరిచాడు, వాడు ఇంకా గట్టిగా అరిచాడు. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో నడిచేది కూడా. కవలల మీద చేసిన అధ్యయనాల్లో వంశపారంపర్య ప్రభావం 70 నుంచి 80 శాతం దాకా తేలింది. ఆ మాట చెప్తే వదిన నవ్వింది: "మీ అన్నయ్య ముందు మందు వేసుకోవాలి." మనం కోపానికి ఇచ్చే మర్యాద కూడా మనిషిని బట్టే. 2017లో థియేటర్లలో అర్జున్‌రెడ్డి కోపానికి ఈలలు వేసినవాళ్లమే, సొంత కొడుకు గొంతు పెంచితే పెంపకం చెడిందంటాం.

పొంగుతున్న పాలకు నీతులు చెప్పం, మంట తగ్గిస్తాం. కోపం పైన ఉన్నప్పుడు వాడికి తర్కం ఎక్కదు. గొంతు తగ్గించి రెండు మాటలు, అంతే. "తర్వాత మాట్లాడదాం, కాసేపు బయట నడిచి రా." ఆ బయటికి వెళ్లే అనుమతి అప్పటికప్పుడు ఇచ్చేది కాదు, తీరిగ్గా ఉన్న రోజు పిల్లాడితో కూర్చుని ముందే ఒప్పందం చేసుకోవాలి: చెవులు వేడెక్కుతున్నాయి, పళ్లు బిగుసుకుంటున్నాయి అనిపిస్తే చెయ్యెత్తి వెళ్లిపోవచ్చు, పది నిమిషాల్లో తిరిగి రావాలి. చెయ్యెత్తి వెళ్లిన రోజు "బాగా చేశావురా" అని ఆ పూటే చెప్పాలి, నెలాఖరు పేరెంట్స్ మీటింగులో కాదు. విసిరిన పుస్తకం వాడే ఏరి సర్దాలి, అదీ చల్లబడ్డాక. కోపం ఉన్నందుకు శిక్ష వద్దు, కొట్టినా విరగ్గొట్టినా దిద్దుకునే బాధ్యత మాత్రం వాడిదే. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. అరవకుండా ఉండగల పెద్దమనిషి ఒకరు కావాలి. దొరకనిది ఆయనే.

కాలేజీలు ఏం చేస్తాయో తెలుసుగా. మోటివేషనల్ స్పీకర్‌ని పిలుస్తాయి. ఫంక్షన్ హాల్లో వెయ్యిమందిని కింద కూర్చోబెట్టి, తల్లిదండ్రుల కష్టాలు చెప్పి, లైట్లు తగ్గించి అందర్నీ ఏడిపించి, "అనుకుంటే కానిదేదీ లేదు" అని చప్పట్లు కొట్టించుకుని ఆయన కారెక్కుతాడు. అనుకున్నా కాక బాధపడుతున్న పిల్లలకు ఈ మాట కంటే క్రూరమైనది నాకు తోచదు. 2007లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూస్తే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు నూటికి అయిదుగురికి పైనే తేలారు. అరవైమంది సెక్షన్‌లో ముగ్గురు. ఆ ముగ్గురూ ఇంటికెళ్లి, తాము అనుకోవడంలోనే లోపముందని నమ్ముతారు. ఆ స్పీకర్‌కిచ్చే డబ్బుతో ఒక సైకాలజిస్టుకు జీతమివ్వకూడదా?

ఇవ్వక తప్పదని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి మరణం కేసులో, 2025 జూలైలో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని ఆదేశించింది. మార్కుల వారీగా బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం మానమంది. మన దగ్గర ర్యాంకుల వారీ సెక్షన్లే కాలేజీ వ్యాపారం. పదో తరగతి పరీక్షలు కాకముందే పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. వాళ్ల జీతాలకు డబ్బుంది.

ఈసారి పీఆర్వో వచ్చినప్పుడు మంచినీళ్లిచ్చి అడగండి: మీ కౌన్సెలర్ ఏం చదివారు, పిల్లాడు ఏడుస్తూ రాత్రి తలుపు కొడితే ఎవరు తీస్తారు, డాక్టరు కాగితం ఇస్తే ఏ లెక్చరర్ చదువుతారు? "ఏసీ క్యాంపస్ అండీ" అంటాడు.