అద్దంలో తాళంచెవి

చిల్పూర్‌లో కారు ఇంటి ముందుకొచ్చిందంటే ముందు హారన్ మోగుతుంది. రెండుసార్లు మోగితే ఇంటివాళ్లు. ఆపకుండా మోగితే అల్లుడు! లోపల్నుంచి ఎవరో ఒకరు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, గొళ్లెం తీసి, ఇనుప గేటును ఆ చివరికి నెడతారు. కారు రేకుల షెడ్డు కిందికి చేరుతుంది. ఈ ఏర్పాటుకు బ్యాటరీ అక్కర్లేదు, కోడ్ అక్కర్లేదు. ఇంట్లో ఓ మనిషి ఉంటే చాలు.

చిల్పూర్, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ... ఇటువైపు ఊళ్ల నుంచి కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లే పెద్దవాళ్లను అక్కడ మొదట ఆశ్చర్యపరిచేది చాలాసార్లు ఇంటి తలుపే. కారు వీధి మలుపు తిరుగుతుంది. హారన్ ఉండదు, ఎవరూ దిగరు. కొడుకు చెయ్యెత్తి, ముందున్న అద్దం అంచున చిన్న బటన్ నొక్కుతాడు. గోడంత తలుపు పలకలు పలకలుగా పైకి లేస్తుంది. కారు లోపలికి పోగానే మళ్లీ బటన్. తలుపు దిగిపోతుంది. ‘అలీబాబా సినిమా చూసినట్టే ఉన్నది గద బిడ్డా’ అంటూ పెద్దాయన మురిసిపోతాడు.

మురిపెం సరే. కానీ అలీబాబా కథలో గుహ తెరుచుకోవడం సగమే. మిగతా సగం ఖాసింది. లోపలికి వెళ్లాడు, మంత్రం మరిచిపోయాడు, బయటికి రాలేకపోయాడు. కారులోని ఆ బటన్ కథకూ సరిగ్గా ఇవే రెండు సగాలు. తాళంచెవి మనిషి జేబులోంచి కారులోకి వెళ్లిపోయింది. ఇక కారు ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది. కారు నడపని వాళ్లకు... చెవే లేదు!

ఇంతకీ ఈ ఏర్పాటు ఎక్కడిది? పైకి లేచే గ్యారేజ్ తలుపును 1921లో సి.జి.జాన్సన్ అనే అమెరికన్ తయారుచేశాడు. దాని చిన్న నమూనాను ఫోర్డ్ మోడల్ టి కారు వెనక కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మాడట. 1926లో దానికి కరెంటు మోటారు తగిలించాడు. తర్వాత చాలా ఏళ్లకు చేతి రిమోట్లు ఇంటింటికీ వచ్చాయి. జనం వాటిని కారులో ఎండకు అడ్డుగా దించుకునే పలకకు క్లిప్పుతో తగిలించుకునేవారు. అది జారి సీటు కింద పడేది. చలికాలంలో బ్యాటరీ మొరాయించేది. మిషిగన్ రాష్ట్రం హాలండ్ పట్టణంలోని ప్రిన్స్ కార్పొరేషన్ అప్పటికే ఆ ఎండ పలకకు దీపం, అద్దం పెట్టి కార్ల కంపెనీలకు అమ్ముతోంది. రిమోట్‌ను కూడా అందులోనే ఇమిడ్చేస్తే పోలేదా అనుకుంది. అదే హోమ్‌లింక్. పక్కపక్కన మూడు బటన్లు, పక్కన చిన్న ఇంటి బొమ్మ. కారు కరెంటుతోనే పనిచేస్తుంది కనుక దానికి వేరే బ్యాటరీ గొడవ లేదు. 1996లో ప్రిన్స్ కంపెనీ జాన్సన్ కంట్రోల్స్ చేతికి వెళ్లింది. 2013లో హాలండ్ పక్కనే జీలాండ్‌లో ఉన్న జెంటెక్స్ హోమ్‌లింక్‌ను సుమారు 70 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఈ జెంటెక్స్ అసలు వ్యాపారం... వెనక బండి లైటు పడగానే తమంతట తామే మసకబారే కారు అద్దాలు. బటన్లు అద్దంలోకి చేరడం వెనక కథ ఇదీ!

బటన్‌కు విద్య నేర్పడం పెద్ద కష్టమేం కాదు. గ్యారేజ్ చేతి రిమోట్‌ను బటన్‌కు రెండు మూడు అంగుళాల దూరంలో పట్టుకుని రెండూ ఒకేసారి నొక్కాలి. కారులో చిన్న దీపం మెల్లగా మిణుకుతూ ఉండి, గబగబా మిణకడం మొదలెడితే పాఠం వచ్చినట్టే. కొత్త తరహా మోటార్లకు మరో మెట్టు ఉంది. నిచ్చెనెక్కి, సీలింగ్‌కు వేలాడే మోటారు మీది ‘లర్న్’ బటన్ నొక్కి, అరనిమిషంలో దిగొచ్చి కారులో మళ్లీ నొక్కాలి. ఆదివారం పొద్దున భర్త నిచ్చెన మీద, భార్య కారులో... ‘నొక్కావా?’ ‘నొక్కాను!’ ‘ఎప్పుడు?’ ఇలా ఎన్ని ఇళ్లలో నడిచిందో!

ఆ మరో మెట్టు ఎందుకొచ్చిందో తెలుసుకుంటే అసలు సంగతి బోధపడుతుంది. పాత రిమోట్లలో బుల్లి స్విచ్చుల వరస ఉండేది. ఒక్కోటీ పైకో కిందికో. ఎనిమిది స్విచ్చులుంటే 256 రకాల కోడ్లు. పన్నెండుంటే 4,096. అంతే. పైగా ఎన్నిసార్లు నొక్కినా వెళ్లేది అదే కోడ్. ఎదురింటాయన నొక్కితే మనింటి తలుపు లేవడం అప్పట్లో వింతేం కాదు. దొంగకు ఇంకా సులువు. గాలిలో వెళ్లే ఆ కోడ్‌ను ఒకసారి పట్టి దాచుకుంటే మర్నాడు తానే వదలొచ్చు. 2015లో శామీ కామ్‌కర్ అనే అమెరికా భద్రతా పరిశోధకుడు అంతపాటి శ్రమ కూడా అక్కర్లేదని చూపించాడు. మార్కెట్లోంచి వెళ్లిపోయిన పిల్లల ఆటబొమ్మ ఒకటి తీసుకున్నాడు. మ్యాటెల్ కంపెనీది. సందేశాలు పంపుకునే ఆ బొమ్మలో ప్రోగ్రాం మార్చి, ఉండగల కోడ్లన్నిటినీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా గొలుసుకట్టి వదిలాడు. పాత రకం తలుపు ఏదైనా పది సెకన్లలోపే తెరుచుకుంది. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? ఓపెన్ సెసమి. మన ‘ఖుల్ జా సింసిం’!

దీనికి విరుగుడు 1990లలోనే వచ్చింది. దాన్నే రోలింగ్ కోడ్ అంటారు. పెళ్లివారింట్లో భోజనాల కూపన్లు గుర్తు తెచ్చుకోండి. ఒకసారి చించి ఇచ్చిన కూపన్ మళ్లీ చెల్లదు. రిమోట్‌లో ఓ లెక్క, మోటారులో అదే లెక్క. రెండిటి మధ్యా ఓ రహస్యం. నొక్కిన ప్రతిసారీ కొత్త కోడ్ పుడుతుంది, వాడిన కోడ్ చచ్చిపోతుంది. దొంగ పట్టుకున్నా అతని చేతిలో ఉండేది చించేసిన కూపనే. నిచ్చెనెక్కి ‘లర్న్’ నొక్కేది ఆ రహస్యంలోకి కారును కూడా చేర్చుకోవడానికి. అన్నట్టు, కారు దూరంగా ఉన్నప్పుడు బుజ్జిగాడు సరదాకి పదే పదే నొక్కేస్తే కారు లెక్క ముందుకు వెళ్లిపోతుంది. కాస్త తేడా అయితే మోటారు సర్దుకుంటుంది. మరీ ఎక్కువైతే ఎవరివో అన్నట్టు చూస్తుంది! అప్పుడు మళ్లీ నిచ్చెన.

రోలింగ్ కోడ్ ఛేదించరానిదేం కాదు. ఈ తరహాలో బాగా వాడుకలో ఉన్న కీలాక్ రహస్యాన్ని 2008లో జర్మనీలోని బోహుమ్ రూర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చిప్ వాడే కరెంటు హెచ్చుతగ్గులను కొలిచి బయటపెట్టారు. కానీ వీధి దొంగకు అంత చదువు అవసరం లేదు. అతనికి కారు అద్దం పగలగొడితే చాలు. అమెరికాలో కారు కాగితాలు ముందు సీటు అరలోనే పెట్టుకుంటారు. వాటి మీద ఇంటి చిరునామా ఉంటుంది. తాళంచెవి అద్దంలో, చిరునామా అరలో! అక్కడి సొంతిళ్లలో చాలావరకు గ్యారేజ్ లోపల్నుంచి ఇంట్లోకి మరో తలుపు ఉంటుంది. దానికి తాళం వేసేవాళ్లు తక్కువ. వేయాల్సింది దానికే.

అంతకన్నా మామూలుగా జరిగే పొరపాటు ఇంకోటి. పాత కారు అమ్మేస్తారు. సీట్ల కింద చిల్లర ఏరుకుంటారు, వినాయకుడి బొమ్మ తీసుకుంటారు, పిల్లల సీటు విప్పుకుంటారు. అద్దంలోని తాళంచెవిని మాత్రం కొన్నవాడికి ఇచ్చేస్తారు. చాలా కార్లలో ఆ చివరా ఈ చివరా ఉన్న రెండు బటన్లను కలిపి 10 నుంచి 20 సెకన్లు నొక్కి పట్టుకుంటే నేర్చినదంతా మరిచిపోతుంది. అద్దె కారుకు నేర్పి ఉంటే వెనక్కి ఇచ్చేముందు అదే పని. ఇక పాత ఇల్లు కొన్నవాళ్లు దీన్ని తిరగేసి చేయాలి. ఎందుకంటే అమ్మినాయన కారు ఇంకా ఆ తలుపు తీయగలదు. మోటారు మీది ‘లర్న్’ బటన్‌ను దీపం ఆరేదాకా అదిమి పట్టుకుంటే చాలా మోటార్లు పాత రిమోట్లన్నిటినీ ఒక్కసారే వదిలేస్తాయి. తర్వాత మనవి మనం నేర్పుకోవడమే.

తలుపు మనదే, తీసే హక్కు ఎవరిది? ఇదేం ప్రశ్న అనిపిస్తుంది కానీ దీనిమీద అమెరికాలో పెద్ద దావాయే నడిచింది. ఛాంబర్లెయిన్ కంపెనీ తలుపులకు స్కైలింక్ అనే మరో కంపెనీ రిమోట్లు అమ్మింది. మా రోలింగ్ కోడ్‌ను దాటేస్తోందంటూ ఛాంబర్లెయిన్ కాపీరైట్ చట్టం కింద కోర్టుకెక్కింది. 2004లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు స్కైలింక్ పక్షానే తీర్పిచ్చింది. తలుపు కొనుక్కున్న ఇంటాయన తనకు నచ్చిన రిమోట్‌తో దాన్ని తీసుకోవచ్చు. న్యాయంగానే ఉంది. కానీ వ్యాపారం ఊరుకుంటుందా? 2019లో టెస్లా తన మోడల్ 3 కారుతో మామూలుగా వచ్చే హోమ్‌లింక్‌ను తీసేసి, కావాలంటే విడిగా కొనుక్కోమంది. ఛాంబర్లెయిన్ తన తలుపులను ఫోన్‌తో తీసే యాప్ తెచ్చింది. అనుమతి లేని బయటి సాఫ్ట్‌వేర్లు దానితో కలవకుండా 2023లో దారి మూసింది. 

ఒక్కోసారి హక్కున్నా తలుపు లేవదు. 2004లో ఫ్లోరిడాలోని ఎగ్లిన్ వైమానిక స్థావరం చుట్టుపక్కల రిమోట్లు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. చేతి రిమోట్లూ అంతే, కార్లలోవీ అంతే. దెయ్యం కాదు, సైన్యం! స్థావరంలో కొత్త రేడియో వ్యవస్థను పరీక్షించారు. గ్యారేజ్ రిమోట్లు చాలావరకు వాడే 390 మెగాహెర్ట్జ్ ఆ సైన్యం వాడే తరంగాల మధ్యలోనే ఉంది. లైసెన్సు లేని పరికరాలు సర్దుకుపోవాల్సిందేనని అమెరికా రూలు. తర్వాత వచ్చిన మోటార్లు ఒకటికి రెండు మూడు తరంగాల మీద వినడం నేర్చుకున్నాయి.

ఇప్పుడు ఖాసిం సగానికి వద్దాం. చిల్పూర్ గుట్ట మీద కొలువైనది బుగులు వేంకటేశ్వరస్వామి. కుబేరుడి అప్పు తీర్చలేక, బుగులుతో వచ్చి ఈ గుట్ట గుహలో కూర్చున్నాడని స్థలపురాణం. బుగులంటే భయం, దిగులు. అమెరికా ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఈ మాట అర్థం చెప్పక్కర్లేదు. కొడుకూ కోడలూ చెరో కారులో ఆఫీసుకు వెళ్లిపోతారు. రెండు తాళంచెవులూ వాటితోపాటే వెళ్లిపోతాయి. కరెంటు పోతే ఆ పెద్ద తలుపు గోడై కూర్చుంటుంది.

ఇది ఉత్త భయం కాదు. 2017 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియాను కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు కరెంటు పోయింది. మంటలు మీదికొస్తుంటే గ్యారేజ్ తలుపు ఎత్తలేక, కారు బయటికి తీయలేక కొందరు చనిపోయారు. వాళ్లలో వృద్ధులున్నారు. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2019 జులై 1 నుంచి అక్కడ అమ్మే గ్యారేజ్ మోటార్లకు కరెంటు పోయినా పనిచేసే బ్యాటరీ తప్పనిసరి. అంతకుముందే, తలుపుల కింద పడి పిల్లలు చనిపోయిన ఘటనల తర్వాత, 1993 నుంచి తయారయ్యే మోటార్లన్నిటికీ దేశమంతటా మరో నిబంధన వచ్చింది. నేలకు ఆరంగుళాలు దాటని ఎత్తులో అటూ ఇటూ రెండు ఎలక్ట్రానిక్ కళ్లు ఉండాలి. వాటి మధ్య ఏది అడ్డొచ్చినా దిగుతున్న తలుపు వెనక్కి లేచిపోవాలి. ‘తలుపు సగం దిగి మళ్లీ లేస్తోంది’ అని ఫోన్ చేసే తల్లికి చెప్పాల్సింది ముందు ఆ కళ్ల మీది బూజు తుడవమని.

కరెంటు లేనప్పుడు? పైన పట్టాల దగ్గర మోటారు బండికి ఎర్ర పిడితో ఓ తాడు వేలాడుతుంటుంది. అది లాగితే తలుపు మోటారు నుంచి విడిపోతుంది. అప్పుడు చేత్తో ఎత్తొచ్చు. అంత బరువు ఎలా? నిజానికి ఆ తలుపును మోసేది మోటారు కాదు, పైనున్న స్ప్రింగులు. అవి బాగుంటే ఓ మాదిరి బలంతో లేస్తుంది. అవి తెగితే మాత్రం మనిషి తరం కాదు, ముట్టుకోవద్దు. అందుకే తాడు లాగేది తలుపు మూసి ఉన్నప్పుడే. లేచి ఉండగా లాగితే, స్ప్రింగు తెగి ఉంటే, మొత్తం బరువుతో కిందికి పడుతుంది. వచ్చిన మొదటి శనివారం గుడికో మాల్‌కో తీసుకెళ్లే ముందు పిల్లలు చేయాల్సిన పని ఒకటుంది. ‘బాపూ, ఇట్ల రా. ఈ ఎర్ర తాడు ఒకపారి నువ్వే గుంజు, నువ్వే లేపు’ అని అమ్మతో, నాన్నతో చెరోసారి చేయించడం. చూపిస్తే చాలదు. ఆ చేతులకు అలవాటు కావాలి. పిడి అందకపోతే తాడు కాస్త పొడుగు చేయాలి. గోడకున్న బటన్ ఎక్కడుందో, గ్యారేజ్ కాకుండా మరో దారి ఏదో... అవి కూడా.

మన కార్లలో ఆ మూడు బటన్లు అరుదే. కానీ రిమోట్‌తో జరిగే గేట్లు, మోటారు షట్టర్లు హైదరాబాద్ దాటి చిన్న పట్టణాలకూ వచ్చేశాయి. ఇక్కడ దొరికే చవక రిమోట్లలో చాలావాటికి 433 మెగాహెర్ట్జ్ మీద ఎప్పుడూ అదే కోడ్ వదిలే చిప్ ఉంటుంది. కోడ్లు పది లక్షలకు పైనే ఉండొచ్చు. అయినా మారని కోడ్‌ను కాపీ చేయడానికి ఓ చిన్న డూప్లికేట్ రిమోట్, రెండు నిమిషాలు చాలు. అసలు పోయిందని డూప్లికేట్ చేయించుకున్నప్పుడు, అది దొరికినవాడి దగ్గర తలుపు ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. మోటారులోంచి పాతది తీసేయించాలి. కొత్తగా గేటు బిగించే మెకానిక్‌ను ‘ఇది రోలింగ్ కోడేనా?’ అని అడగాలి. కరెంటు పోతే గేటు విడిపించే చిన్న తాళంచెవి ఒకటి మోటారుతోపాటు వస్తుంది. దాన్ని ఇంటి బీరువాలో దాచకండి. ఇంటి బయట ఉన్నప్పుడే దానితో పని పడుతుంది. వీలైతే అదే వీధిలో ఉండే మేనమామ ఇంట్లో ఒకటి ఉంచాలి.