మడిచి చూస్తే తెలిసింది

సౌష్ఠవం అనే మాట నాకు కొత్తది కాదు. ప్రబంధ నాయికల అంగసౌష్ఠవాన్ని గురించి ఇరవై ఏళ్లుగా కాలేజీలో పాఠం చెబుతున్నవాణ్ణి. అంచేత మా అమ్మాయి ఆరో తరగతి లెక్కల నోటుబుక్కు తెచ్చి, "నాన్నగారూ, దీర్ఘచతురస్రానికి సౌష్ఠవ రేఖలు రెండేనా?" అని అడిగినప్పుడు, కాస్త దర్జాగానే కుర్చీలో సర్దుకున్నాను.

"నాలుగు," అన్నాను. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, మూలనుంచి మూలకు రెండు. కర్ణం గీస్తే రెండు సమాన త్రిభుజాలు రావడం లేదూ! పిల్ల ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, రెండు కొట్టేసి నాలుగు వేసింది.

మర్నాడు ఆ నాలుగు మీద ఎర్రసిరా పడి వచ్చింది. అమ్మాయి నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండును. ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని నా గది దాటి, వంటింట్లో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది.

మా ఆవిడ చేతులు తుడుచుకుని, ఒక చిత్తుకాగితాన్ని కర్ణం మీదుగా మడిచింది. రెండు మూలలూ ఒకదానిమీద ఒకటి కూర్చోకుండా, చెరో పక్కనా పిల్లి చెవుల్లా నిక్కాయి.

గుమ్మంలో నిలబడ్డ నాకు అప్పుడు బోధపడింది. సగానికి కోయడం వేరు, సగం మీద సగం సరిగ్గా అమరడం వేరు. ఆ రెండు త్రిభుజాలూ సమానమే. కాని ఒకటి రెండోదానిమీదికి రావాలంటే మడిస్తే చాలదు, అర చుట్టు తిప్పాలి. కర్ణాలు కూడా పనికొచ్చేది చతురస్రానికి, నాలుగు దానివి. సమబాహు త్రిభుజానికి మూడు. వృత్తానికి లెక్కే లేదు, కేంద్రం మీదుగా ఏ గీత గీసినా సరే. ఒక పక్కకి వాలి, పక్క భుజాలు పొట్టీ పొడుగూ అయిన సమాంతర చతుర్భుజానికి, పేరు అంత గంభీరంగా ఉన్నా, ఒక్కటీ లేదు.

పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామని, రాత్రి కూర్చుని మన జాతీయ జెండా గీశాను. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన ఆ జెండా 3:2 కొలతల దీర్ఘచతురస్రమే. వట్టి గుడ్డగా చూస్తే రెండు రేఖలు. రంగులు వేశామో, అడ్డంగా మడిస్తే కాషాయం వచ్చి ఆకుపచ్చ మీద పడుతుంది. నిలువురేఖ ఒక్కటే మిగులుతుంది. నడుమ ఉన్న చక్రాన్ని విడిగా తీస్తే మటుకు 24 రేఖలు!

"ఆకులు 24 కదండీ. ఎదురెదురుగా ఉన్న జంటకో గీత చొప్పున 12 కావద్దూ?" అంది అమ్మాయి.

"ఆకుల మీదుగా 12, ఆకుల సందుల్లోంచి 12," అన్నాను.

తలూపింది. తలూపి, చక్రం వరకూ కత్తిరించుకుని వంటింట్లోకి వెళ్లింది, మడిచి చూడ్డానికి.