రెండో పడక

ఇల్లు వదలి బయలుదేరిన మనిషికి తిండి తరువాత ఎదురయ్యే మొదటి ప్రశ్న ఆ రాత్రి పడక ఎక్కడ అన్నదే. ఎడ్లబండ్ల కాలంలో ఈ ప్రశ్నకు సత్రాలు, రచ్చబండలు, గుడి మండపాలు సమాధానం చెప్పేవి. బండిలో ఎండుగడ్డి ఎలాగూ ఉండేది. నేటి యువకులు ఆ ప్రశ్నకు వేరొక సమాధానం వెదుక్కొన్నారు. శనివారం సాయంత్రం ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నిలబడి చూస్తే, వరంగల్ వైపు వెళ్ళే బస్సుల కోసం ఎదురుచూసే యాదగిరిగుట్ట భక్తుల నడుమ, వీపున పెద్ద సంచులు తగిలించుకొన్న పిల్లలు కొందరు కనిపిస్తారు. వారి గమ్యం భువనగిరి చుట్టుపక్కల గుట్టలు. వారి సంచుల్లో గుప్పెడంత మూటగా మడిచిన ఒక గుడ్డ ఉంటుంది. దాన్ని రెండు చెట్ల నడుమ కట్టి అందులో నిద్రపోతారు. దీనికి హ్యామక్ అని పేరు. మనం ఊయల పడక అందాం.

ఈ పడక పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ కరేబియన్ దీవులకు చేరినప్పుడు అక్కడి ప్రజలు నూలు వలలను చెట్లకు కట్టుకొని పడుకోవడం చూశాడు. ఆ తరువాత ఐరోపా నావికులు ఓడల్లో దాన్ని వాడుకొన్నారు. అయినా చీర ఊయలలో పెరిగిన మనకు ఇది మరీ పరాయి వస్తువేమీ కాదు. ఉప్పల్‌లో కొత్త భవనం లేచే ప్రతిచోటా రెండు గుంజల మధ్య పాత చీర వేలాడుతుంది, అందులో కూలితల్లి బిడ్డ నిద్రపోతుంది. నాకు కూడా ఊయల పడక అంటే ఇష్టమే. నేల తడిగా ఉన్నా, రాళ్ళున్నా, చీమలు బారులు తీరినా దానికి పట్టదు.

అయితే ఒక మాట. ఊయల పడకను తీసుకువెళ్ళేవాడు దానితోపాటు రెండో పడకను కూడా సిద్ధం చేసుకొని బయలుదేరాలి. ఇది పిరికివాడి జాగ్రత్త అని నేననుకోను. మంచానికి నాలుగు కాళ్ళు దానికే ఉంటాయి. ఊయలకు కాళ్ళు చెట్లు. అవి మన సంచిలో రావు.

ముఖ్యంగా మన ప్రాంతంలో రావు. నాచారం నుండి ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్, బీబీనగర్ దాటి భువనగిరి చేరేవరకు మనం నడిచే నేల దక్కను పీఠభూమి. దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాయి ఇది. భువనగిరి కోట నిలిచింది ఒకే ఒక్క బండమీద. ఈ గుట్టలమీద సీతాఫలం పొదలు, బలుసు కంపలు దండిగా ఉంటాయి గాని, మనిషి బరువు మోయగల రెండు మానులు సరైన దూరంలో దొరకడం అదృష్టమే. తాటిచెట్టు గట్టిదే. కాని అది గీత కార్మికుని జీవనాధారం, దానికి తాళ్ళు కట్టే హక్కు మనకు లేదు. పైగా ఎప్పుడు మట్ట రాలుతుందో తెలియదు. ఈతమాను గరుకు గుడ్డను చీల్చివేస్తుంది. కేరళ అడవుల్లోనో, పాపికొండల్లోనో తీసిన చిత్రాలు చూసి ముచ్చటపడి కొన్న వస్తువు ఇక్కడికి వచ్చేసరికి వట్టి గుడ్డగా మిగిలిపోవచ్చు.

ఈ సంగతి నేను తెలివితో గ్రహించలేదు. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి సెలవుల్లో ఆరుగురు విద్యార్థులతో ఒక గుట్టకు వెళ్ళాను. గుట్ట కిందిభాగం ఒక రైతు పట్టా భూమి, ఆయన అనుమతి తీసుకొన్నాం. తలకొక ఊయల పడక ఉంది. చాపలు, దుప్పట్లు బరువని వద్దన్నది నేనే. పైకి చేరేసరికి చీకటి పడింది. చెట్లు చూస్తే ఒక వేప, ఒక మేడి, ఒక పాత తుమ్మ. ముగ్గురు ఎలాగో సర్దుకొన్నారు. నాలుగో కుర్రవాడు వేపకూ తుమ్మకూ మధ్య కట్టాడు. దూరం ఎక్కువ కావడంతో తాడు చాలలేదు. లాగి, బిగించి, వీణతీగలా చేశాడు. అర్ధరాత్రి తుమ్మ మొదలు ఫెళ్ళున విరిగింది. లోపలంతా చెద తినేసి ఉంది. కుర్రవాడు బండమీద వెల్లకిలా పడ్డాడు. నడుము పట్టివేసింది. ఎముక విరగకపోవడం మా పుణ్యం.

ఆ తుమ్మ విరగడానికి చెద ఒక్కటే కారణం కాదు. భౌతికశాస్త్రం చదివే మీకు ఇది సులభంగా బోధపడుతుంది. 60 కిలోల మనిషి పడుకొన్న ఊయల తాడు, అడ్డురేఖతో 30 డిగ్రీల కోణంలో కిందికి వాలి ఉంటే ఒక్కొక్క చెట్టుమీద 60 కిలోల లాగుడు పడుతుంది. అదే తాడును 10 డిగ్రీలు మాత్రమే వాలేలా బిగిస్తే ఆ లాగుడు 170 కిలోలు దాటుతుంది. చూడటానికి బిగుతుగా, గట్టిగా కనిపించే ఊయలే నిజానికి ప్రమాదకరమైనది. వదులుగా వేలాడేది క్షేమం. కూర్చున్నప్పుడు నేలకు మోకాలెత్తు మించకూడదన్న నియమం కూడా ఇందుకే: పడినా పెద్ద దెబ్బ తగలదు.

తరగతిలో ఈ లెక్క ఎన్నిసార్లు వింటే ఏం లాభం! ఆ రాత్రి టార్చిలైటు వెలుగులో కుర్రవాణ్ణి పట్టుకొని మెల్లగా కిందికి దిగాం. పొలంలో గొర్రెల మంద నిలిపిన కాపరి ఒకాయన నెగడు దగ్గర కూర్చొని ఉన్నాడు. మా వాలకం చూసి విషయం గ్రహించాడు. "చెట్లు చూసుకొని వచ్చిండ్రు గానీ నేల చూసుకొని రాలె సారూ!" అన్నాడు. తన గొంగడి తీసి కుర్రవాని కింద పరిచాడు.

ఆ గొంగడిని గురించి కొంచెం చెప్పాలి. దక్కను నల్లగొర్రెల ముతక ఉన్నితో కురుమలు నేసేది అది. చింతగింజల గంజి పట్టించి దాన్ని బిరుసుగా చేస్తారు. వాన పడితే కాపరి దాన్ని కొప్పెరగా తలమీద వేసుకొంటాడు. చలివేస్తే కప్పుకొంటాడు. రాత్రికి పరుచుకొంటాడు. నెలల తరబడి ఊరూరూ మందతో తిరిగే మనిషికి ఎన్ని పడకలు కావాలో అన్నీ ఆ ఒక్క గుడ్డలో ఉన్నాయి. మన సంచుల్లో ఉన్న ఖరీదైన సామగ్రిలో ఒక్క వస్తువుకైనా రెండో ఉపయోగం ఉందా అని నేను ఆ రాత్రంతా ఆలోచించాను. నిద్ర ఎలాగూ పట్టలేదు.

మా నాచారంలో కూడా ఈ విద్య తెలిసినవారున్నారు. పారిశ్రామికవాడలో సరుకు దించడానికి వచ్చి, వంతు కోసం ఆగిన లారీల కింద ఎండాకాలంలో ఊయలలు కనిపిస్తాయి. లారీ నీడే పైకప్పు. ఒక డ్రైవరును వాన వస్తే ఏం చేస్తావని అడిగాను. "క్యాబిన్ ఉంది సార్. అందులో క్లీనర్ పడుకొంటే ఆ షెడ్డు అరుగు ఉంది. వాచ్‌మన్‌కు పగలే చెప్పిపెట్టాను" అన్నాడు. నాకు నచ్చింది 'పగలే' అన్న మాట. రెండో పడకను చీకటి పడ్డాక వెదకరాదు, వెలుతురు ఉండగానే కుదుర్చుకోవాలి.

ఉప్పల్‌లో భారత సర్వే శాఖవారి శిక్షణ సంస్థ ఉంది. ఆరుబయట పడుకోవడమే వృత్తిలో భాగంగా గల శాఖ అది. దాని చరిత్రలోనే ఒక గుణపాఠం దొరుకుతుంది. 1819లో జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో కొలతలు తీశాడు. వాన వెలిసినప్పుడు గాలి తేటపడి దూరపు గుర్తులు చక్కగా కనిపిస్తాయని వానాకాలాన్నే ఎంచుకొన్నాడు. ఆయనతో సహా బృందమంతా జ్వరాన పడింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆయనను హైదరాబాదుకు మోసుకొని రావలసి వచ్చింది. అడవిగాలి దోషమే ఆ జ్వరానికి కారణమని ఆనాటివారి నమ్మకం. సరిగ్గా 78 ఏళ్ళకు, 1897లో, మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఎవరెస్ట్‌కు తెలియనిది మనకు తెలుసు. తెలిసి కూడా దోమతెర ఇంట్లో వదలి వెళ్ళేవారిని ఏమనాలి?

దోమతెరకు మన నేలమీద ఇంకొక పని కూడా ఉంది. కట్లపాము రాత్రిపూట తిరిగే జీవి, నేలమీద నిద్రించేవారి పడకల్లోకి చేరుతుంది. దాని కాటు ఒక్కొక్కప్పుడు నొప్పి కూడా తెలియనివ్వదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది బలి అయ్యారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కనుక ఊయల తెగితే నేలమీద పడుకొందాంలే అనుకోవడం సరిపోదు. నేలమీద పడుకోవడానికి ఒక చాప, ఆ చాప కిందికి అంచులు దోపుకోగల దోమతెర ఉండాలి. చాప దండుగ కాదు. ఊయలలో వీపు కింద గాలి ఆడి చలి పుడుతుంది, దుప్పటి శరీరం కింద నలిగి వెచ్చదనాన్ని నిలుపలేదు. నురగచాప ఒకటి ఊయలలో వేసుకొంటే వీపుకు వెచ్చన, నేలమీద వేస్తే రాయికి అడ్డు. ఊయలపై కట్టే వానగుడ్డను బండ వాలుకు ఏటవాలుగా కట్టినా పనిచేస్తుంది.

ఇన్ని మోస్తే ఇక సాహసం ఏముందని మా విద్యార్థులే నాతో వాదించారు. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే ఏమవుతుందని కూడా అన్నారు. నురగచాప బరువు అరకిలో ఉంటుంది, అంతే. నిద్ర మాటకు వస్తే, తెల్లవారుజామున మంచు పట్టిన బండమీద దిగవలసింది నిద్ర లేని కాళ్ళే. ఆ తరువాత వరంగల్ రహదారిపై మోటారు సైకిలు నడపవలసింది నిద్ర లేని కళ్ళే. గుట్టమీది ప్రమాదం చాలాసార్లు గుట్ట దిగిన తరువాత జరుగుతుంది. ఇందులో నేను రాజీపడలేను.

ఊరివారు ఎవరైనా చోటివ్వకపోతారా అని అనుకొనేవారూ ఉన్నారు. ఇస్తారు, మాకిచ్చారు. కాని ఇతరుల దయను మన ప్రణాళికలో ఒక అంశంగా రాసుకోవడం మర్యాద కాదని నా అభిప్రాయం. ఆ రాత్రి కాపరి గొంగడి లేకుండా, నెగడుకు దగ్గరగా ముడుచుకొని కూర్చొన్నాడు. జనవరి చలి. నా వయసు ఆయన వయసుకన్నా చాలా తక్కువ.

మరుసటి సంవత్సరం అదే జట్టు మళ్ళీ ఉప్పల్‌లో బస్సెక్కింది. ఈసారి నాలుగు గంటలకే గుట్ట కింద ఉన్నాం. అందరూ చెట్లు వెదకడానికి పరుగెత్తగా, నడుము పట్టిన ఆ కుర్రవాడు మాత్రం బండ పక్కన చదునైన చోటు చూసుకొని, రాళ్ళు ఏరి, చీపురులా కట్టిన కొమ్మతో ఊడ్చి, ముందు చాప పరిచాడు. ఆ తరువాతే ఊయల తాళ్ళు తీశాడు.